మొదటి సెమిస్టర్ మార్కులు ఎవరివి?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇంటర్ ఎంపీసీ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను. ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, సివిల్ బ్రాంచి. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో క్లాసులో రెండో స్థానం నాది. కెమిస్ట్రీ, ఇంగ్లీషు ఫరవాలేదు. సీ ప్రోగ్రామింగ్‌లో ప్రోగ్రాములు బట్టీ పట్టి గట్టెక్కాను. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్, అంటే డ్రాయింగ్, పోయింది. మొదటి మూడు వారాలు నా దగ్గర డ్రాఫ్టర్ (బల్లకు బిగించి గీతలు గీసే పరికరం) లేదు. భోజనం తరువాత మూడు గంటల క్లాసు, అరవై మందిమి. సందేహం ఇంగ్లీషులో అడగాలేమోనన్న భయంతో ఎప్పుడూ అడగలేదు. తరువాత సీనియర్ల షీట్లు చూసి దించేశాను. ఇంతవరకు ఏ పరీక్షా తప్పలేదు. ఇప్పుడు మా క్లాస్ టీచరుగారు, మొదటి సెమిస్టర్‌లో చదివిన కోర్సుల మీద మీ ఆలోచనలు రెండు పేజీలు రాసి తీసుకురండి అన్నారు. ‘లెక్కలు నాకు వచ్చు. డ్రాయింగ్ నాకు రాదు. ఇంగ్లీషు దండగ’ అని మూడు వాక్యాలు రాసి ఆగిపోయాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావ సివిల్ వదిలేసి కంప్యూటర్ బ్రాంచికి మారమంటున్నాడు. డ్రాయింగ్ పోయిన సంగతి నాన్నగారికి ఇంకా చెప్పలేదు. నాకు సివిల్ పనికిరాదంటారా? దయచేసి పేరు వేయకండి.

సమాధానం:

అమ్మాయ్,

నీ మూడు వాక్యాల్లో మొదటి రెండూ తప్పు. మూడోది తొందరపాటు. అయినా ఆ కాగితం చింపేయకు, దానితో పని ఉంది.

ముందు లెక్కల సంగతి. నీకు దాని మీద అనుమానమే రాలేదు కాబట్టి అక్కడే మొదలుపెడుతున్నాను. మాత్రికలు, ర్యాంకు, సమీకరణాలు సాధించడం ఇవన్నీ హాస్టల్లో తెల్లవారకముందే లేచి, నిద్రకళ్లతో వందల సార్లు చేసినవే కదా. డెరివేటివులూ అంతే. ఈ సెమిస్టర్‌లో నిజంగా కొత్తగా వచ్చినవి ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం, టేలర్ శ్రేణి, డబుల్ ఇంటిగ్రల్స్ లాంటివి. నీకొచ్చిన మార్కుల్లో ఈ కొత్తవాటి వంతు ఎంతో ఎప్పుడైనా లెక్కేశావా? ఒక చిన్న పరీక్ష పెడతాను. ఐగెన్ విలువ కట్టడం నీకు వచ్చు, డిటర్మినెంటు రాసి సున్నాతో సమానం చేస్తావు. ఎందుకు కడతామో చెప్పగలవా? మాత్రిక అనేది మామూలుగా వెక్టర్ల దిశ మార్చేస్తుంది. ఏవో కొన్నిటిని మాత్రం అవి ఉన్న గీత మీదే ఉంచి సాగదీయడమో కుదించడమో చేస్తుంది. ఆ కొన్నిటినీ వెతికి పట్టుకోవడం కోసమే ఇంత తతంగం. ఈ ముక్క పుస్తకం మూసి నీ మాటల్లో చెప్పగలిగితే కోర్సు చదివావన్న మాట. చెప్పలేకపోతే, డిటర్మినెంటు విప్పడం ఇంకోసారి సాధన చేశావు.

నిన్ను తక్కువ చేయాలని అనడం లేదు. నా సంగతే చెబుతాను. మా రోజుల్లో సెమిస్టర్లు లేవు, ఏడాదికి ఒకసారే పరీక్షలు. డిగ్రీ మొదటి ఏడాది లెక్కల్లో నాకు 91 వచ్చాయి. మా నాన్నగారు ఊళ్లో ఎదురైన ప్రతివారికీ ఆ సంఖ్య చెప్పారు. రెండో ఏడాది 43 వచ్చాయి. ఆయన మళ్లీ ఎవరికీ ఏ సంఖ్యా చెప్పలేదు. నా తెలివి ఏడాదిలో సగానికి పడిపోలేదు కదా. మొదటి ఏడాదంతా ఇంటర్ గాదెలోని పాత ధాన్యం తిన్నాను. రెండో ఏడాదికి గాదె అడుగు కనిపించింది, కొత్త పంట వేసి ఉండలేదు. ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. ప్రతి ఏడాదీ క్లాసులో ఇలాంటి పిల్లలు కనీసం నలుగురు కనిపించేవారు, మొదటి బెంచీలో, చాలా ధీమాగా.

అందుకే మొదటి సెమిస్టర్ మార్కులు చాలావరకు నువ్వు కాలేజీకి వచ్చేటప్పుడు మోసుకొచ్చిన సంచి బరువు చెబుతాయి. ఇంటర్‌లో ఉన్న సబ్జెక్టులు బాగా కనిపిస్తాయి. కాలేజీలోనే మొదటిసారి ఎదురైనవి చెడ్డగా కనిపిస్తాయి. నీ జాబితా ఒకసారి చూడు. లెక్కలు, కెమిస్ట్రీ, ఇంగ్లీషు ముందే తెలిసినవి. ప్రోగ్రామింగ్, గ్రాఫిక్స్ కొత్తవి. మార్కులు కూడా సరిగ్గా అదే గీత దగ్గర విడిపోయాయి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలినప్పుడు మొదటి రోజున వచ్చేది చూసే ఉంటావు, నీళ్లకంటే ముందు తూడూ చెత్తా కొట్టుకొస్తాయి. ఆ మొదటి నీళ్లు చూసి కాలువకు వెల కట్టేవారెవరూ ఉండరు.

ఇక డ్రాయింగ్. ‘నాకు రాదు’ అని రాశావు. ఉత్తరంలో నువ్వే చెప్పిన కారణాలు చూస్తే, డ్రాఫ్టర్ లేదు, అన్నం తిన్నాక మూడు గంటలు, అరవై మంది, నోరు విప్పలేదు, చివరికి షీట్లు దించావు. ఇందులో సబ్జెక్టు ఎక్కడ ఉంది? నువ్వు దాని గుమ్మం కూడా తొక్కలేదు. కొబ్బరి రైతు ఇంటి పిల్లవు, నీకు నేను చెప్పాలా? చెట్టెక్కి కోసి దించితే అది దింపు. పక్క తోటవాడు దించిన గెల ఎత్తుకొచ్చి మన రాశిలో పోసుకుంటే దానికి వేరే పేరుంది.

గుమ్మం దగ్గరికి నేను తీసుకెళతాను. మీ పక్క ఊళ్లోనే ఉంది. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువ పారే అక్విడక్టు మీద నుంచి ఎన్నిసార్లు వెళ్లి ఉంటావో. కాటన్ కాలంలో కట్టిన పాతదాని పక్కనే ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన కొత్తది ఉంది. ఆకాశంలో గద్దలా నిలబడి చూశావనుకో, నది ఒక పట్టీ, కాలువ ఇంకో పట్టీ, రెండూ అడ్డంగా కలుస్తాయి. ఆ ఒక్క బొమ్మే చూపిస్తే ఎవరైనా కాలువ నీళ్లు నదిలో కలిసిపోతున్నాయనే అంటారు. అదే ఒడ్డున నిలబడి చూస్తే కింద నది, పైన కమానుల మీద కాలువ, ఒకదాన్నొకటి ముట్టుకోవు. మొదటిది ప్లాన్, రెండోది ఎలివేషన్. ఏ ఒక్కటీ పూర్తి నిజం చెప్పదు, రెండూ కలిపి చదవడం నేర్పడానికే ఆ సబ్జెక్టు ఉంది. మనవైపు పద్ధతిలో ఎలివేషన్ పైన వేసి ప్లాన్ కింద వేస్తారు. పైనుంచి చూసిన బొమ్మ కిందికెందుకు వచ్చిందని నీకు సందేహం వచ్చి ఉంటుంది. తలమీద దీపం పెడితే నీడ ఎక్కడ పడుతుంది? నేల మీద. ఆ నేలనే కిందికి మడిచి కాగితం మీద పరిచారు, అంతే.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. నేల, గోడ అనే రెండు తలాలకూ వాలుగా ఉన్న గీతకు అసలు పొడవు కనుక్కోమంటారు చూడు, అరవై మందిలో నలభై మంది పెన్సిల్ కింద పడేసేది అక్కడే. మీ ఊళ్లో ఒక్క మండువా లోగిలైనా మిగిలే ఉంటుంది. వెళ్లి మండువాలో నిలబడి పైకి చూడు. నాలుగు పక్కల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలుతుంది. రెండు వాలులు కలిసే మూలలో ఒక వాసం ఏటవాలుగా దిగుతుంది, వానాకాలంలో నీళ్లు ధారగా పడేది ఆ మూల నుంచే. కప్పు ఒక్కో పక్కా లోపలికి 8 అడుగులు వచ్చిందనుకో, ఆ దూరంలో 6 అడుగులు దిగిందనుకో. మామూలు వాసం పొడవు 10 అడుగులు, అది నోటిలెక్కే. మూల వాసం ఎంత? ప్లాన్‌లో కొలిస్తే 8కి 8కి కర్ణం, 11.3 అడుగులు వస్తుంది. ఎలివేషన్‌లో కొలిస్తే 10 అడుగులే కనిపిస్తుంది. వడ్రంగి ఈ రెండింటిలో ఏది నమ్మి చెక్క కోసినా ఆ వాసం అందదు. ఎందుకంటే దాని అసలు పొడవు 12.8 అడుగులు. రెండు బొమ్మల్లోనూ ఆ కొలత ఎక్కడా లేదు. రెండింటినీ కలిపి, గీతను తిప్పి, బయటికి లాగాలి. మీ మాష్టారు బల్ల మీద మూడు గంటలు చేయించింది ఇదే.

ఆగు, ఇంకా ఉంది. 12.8 నాకెలా వచ్చింది? 8 స్క్వేర్, 8 స్క్వేర్, 6 స్క్వేర్ కలిపితే 164, దాని వర్గమూలం. ఇంటర్ మొదటి ఏడాది 1బీ పేపర్లో త్రీడీ జామెట్రీ, డైరెక్షన్ కొసైన్లు చేశావు కదా, అదే ఇది. లెక్కల్లో వచ్చిన గీత డ్రాయింగ్‌లో రాలేదంటే, వచ్చిందన్న మాట మీదే నాకు అనుమానం. ఎలాగూ అనుమానం వచ్చింది కాబట్టి ఇంకో మాట కూడా అనేస్తాను. ఇంటర్‌లో మనం పిల్లలకు సూత్రం ఇస్తాం, వస్తువు చూపించం. ఆ తప్పు నీది కాదు, నాలాంటి వాళ్లది. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా ఒక క్లాసును మండువాలో కూర్చోబెట్టలేదు నేను.

ప్రోగ్రామింగ్ గురించి. బట్టీ పట్టి గట్టెక్కానన్నావు, నిజం చెప్పినందుకు సంతోషం. మీ తోట లెక్కతోనే ఒక ప్రోగ్రాం రాసి చూడు. మనవైపు కొబ్బరి ధర వెయ్యి కాయలకు చెబుతారు కదా. ఈ దింపులో 850 కాయలు వచ్చాయి, వెయ్యికి 12,000 రూపాయలు అనుకుందాం. కాయలను వెయ్యితో భాగించి ధరతో గుణించమని రాస్తావు. అన్నీ పూర్ణాంకాలుగా పెడితే జవాబు సున్నా వస్తుంది! సీ భాషలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం తెగిపడిపోతుంది, 850లో 1000 ఎన్నిసార్లు పోతుందంటే సున్నా సార్లు అంటుంది. మీ నాన్నగారి చేతికి సున్నా రూపాయలు. ముందు గుణించి తరువాత భాగిస్తే 10,200 సరిగ్గా వస్తుంది. (మీ ల్యాబులో ఇంకా ఆ పాత నీలం తెర టర్బో సీ ఉంటే అదీ రాదు. అందులో మామూలు పూర్ణాంకం 32,767 దాటి పట్టదు, మధ్యలో గుణకారం దగ్గరే పొంగిపోతుంది. మన రాష్ట్రంలో ఆ నీలం తెర ఎప్పుడు పోతుందో.) బట్టీ పట్టిన ముప్పై ప్రోగ్రాముల్లో దొరకనిది ఇలా ఒక్కసారి తప్పు చేస్తే దొరుకుతుంది. తరువాత దానికే దింపు కూలి, ఒలుపు కూలి కలుపుకుంటూ పో. ఆ ప్రోగ్రాం మీ నాన్నగారికి చూపించగలిగిన రోజు నీకు ప్రోగ్రామింగ్ గురించి ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. ఇప్పుడు ఉన్నది అభిప్రాయం కాదు, మీ బావ జీతం గురించిన వార్త.

కెమిస్ట్రీకి ఎక్కువ చెప్పను. నీళ్ల కాఠిన్యం అధ్యాయం మళ్లీ ఒకసారి తిరగేయి. భీమవరం వైపు రొయ్యల చెరువుల రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకుని ల్యాబులకు వెళ్లి చేయించే పరీక్షల్లో నువ్వు బ్యూరెట్‌తో చేసిన ఆ పరీక్షా ఒకటి.

ఇంగ్లీషు దండగ అన్నావు. అదే ఉత్తరంలో, ఇంగ్లీషులో అడగాలేమోనన్న భయంతో డ్రాయింగ్ క్లాసులో సందేహం అడగలేదనీ రాశావు. రెండు వాక్యాలూ ఒకే పేజీలో ఉన్నాయి, నువ్వు చూసుకోలేదు. వారానికి కొన్ని గంటలు, తప్పు మాట్లాడినా మార్కులు పెద్దగా పోని చోట, నోరు తిప్పుకోమని ఒక క్లాసు పెట్టారు. నువ్వు అక్కడ వ్యాకరణం మార్కులు ఏరుకుని వచ్చేశావు. ఈలోపు మీ డ్రాయింగ్ మాష్టారిని తెలుగులోనే అడుగు. తెలుగులో అడిగినందుకు విసుక్కున్న లెక్చరర్లను చూశాను, అడగకుండా పాసైన పిల్లలను అంతకంటే తక్కువ చూశాను.

సివిల్ నీకు పనికివస్తుందా అని కదా అడిగావు. నీ దగ్గరున్న సాక్ష్యం చాలదు. గుమ్మం తొక్కని సబ్జెక్టులో తప్పావు, బట్టీ పట్టిన సబ్జెక్టులో పాసయ్యావు. ఈ రెండింటినీ చూసి బట్టీ పట్టినదానివైపు పొమ్మంటున్నాడు మీ బావ. అతని ఉద్దేశం మంచిదే అయి ఉంటుంది. కంప్యూటర్ బ్రాంచి చెడ్డదని నేననను, కానీ పారిపోయి వెళ్లే చోటు ఏదైనా చెడ్డదే. బ్రాంచి మారడానికి నిబంధనలు ఏమున్నాయో, గడువు ఎప్పుడో మీ కాలేజీ ఆఫీసులో కనుక్కుని పెట్టుకో. నిర్ణయం మాత్రం సప్లిమెంటరీకి చదివాక తీసుకో. షీట్లు సొంతంగా గీసి, ఆ పని నీకు మనస్ఫూర్తిగా నచ్చకపోతే అప్పుడు నీ మాటకు బరువుంటుంది.

సివిల్‌లో ఏముందని అడిగేవాళ్లకు మాత్రం, ఈ డెల్టాలో పుట్టినదానిగా నాదగ్గర ఒక జవాబుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కల్లా అయింది. నీళ్లు పొలాల్లోకి తెచ్చే లెక్క అప్పుడు తేలింది. వచ్చిన నీళ్లు బయటికి పంపే లెక్క ఇంకా తేలలేదు. 2011లో మీ కోనసీమ రైతులు ఖరీఫ్ పంటే వేసేది లేదని మానేశారు. గిట్టుబాటు ధర ఒక బాధ అయితే, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునగడం ఇంకో బాధ. అప్పటికి నువ్వు చిన్న పిల్లవు, ఇంట్లో అడిగితే చెబుతారు. బల్లపరుపుగా ఉన్న నేలలో, అడుగుకు వెంట్రుకవాసి వాలు కూడా లేని చోట, నీటిని సముద్రం దాకా నడిపించడం చిన్న పనేమీ కాదు. ఆ పనిలో దిగేవాళ్లకు మొదట చేతికిచ్చేది ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ (కోసి లోపల చూపించే బొమ్మ).

మీ టీచరుగారి రెండు పేజీల సంగతి. ఆ మూడు వాక్యాలనూ అలాగే పైన రాయి. ప్రతిదాని కిందా, కిందటి ఆగస్టులో చేయలేనిది ఇప్పుడు పుస్తకం చూడకుండా ఏం చేయగలవో రాయి. తెలిసినది కాదు, చేయగలిగినది. లెక్కల కింద నువ్వనుకున్నంత రాదు. ఇంగ్లీషు కింద ఏమీ రాకపోతే ఖాళీగానే వదులు. డ్రాయింగ్ కింద సబ్జెక్టు వల్ల వచ్చిన కష్టం, క్లాసు వల్ల వచ్చిన కష్టం, నీ వల్ల వచ్చిన కష్టం విడివిడిగా పెట్టు, వాటిని కలిపేసినందుకే ‘నాకు రాదు’ అన్న మాట పుట్టింది. షీట్లు దించిన విషయం మాత్రం కాగితం మీద పెట్టకు. డ్రాయింగ్ మాష్టారి దగ్గరికి వెళ్లి నోటితో చెప్పు. ముప్పై ఏళ్లు ఆ బల్లకు అటువైపు కూర్చున్నదాన్ని, పిల్లలు రాసిచ్చిన కాగితాలు ఎక్కడెక్కడ తిరుగుతాయో నాకు తెలుసు.

నాన్నగారికి ఈ ఆదివారమే చెప్పు, మీ బావ ఫోనులో చెప్పకముందే. ఒక దింపు తగ్గిందని ఆయన ఏనాడైనా చెట్టు కొట్టేశారా? ఆయన అడిగేది ఒకటే ఉంటుంది, మళ్లీ పరీక్ష ఎప్పుడని. కాబట్టి సప్లిమెంటరీ ఫీజు గడువు ముందే కనుక్కుని వెళ్లు. రెండో సెమిస్టర్ లెక్కల సిలబస్ కూడా ఒకసారి తీసి చూడు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు కొంతవరకు నీ ఇంటర్ గాదెలో ఉన్నాయి. వెక్టర్ కాల్క్యులస్ లేదు.

ఉగాదికి ఇంటికి వెళతావు కదా. ఒక టేపు, ఒక కాగితం, వీలైతే పైకెక్కగల ఒక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆ మండువా ఇంటికి వెళ్లి మూల వాసం కొలువు. ముందు గీసి, పొడవు రాసి పెట్టుకుని, తరువాత కొలవాలి. రెండూ నాకు పంపు. నాలుగు అంగుళాల తేడా వరకు ఏమీ అనను, పాత ఇళ్లలో వాసాలు వంగి ఉంటాయి. ఆ ఇళ్ల గుమ్మాలు కూడా పొట్టివి, లోపలికి వెళ్లేటప్పుడు తల జాగ్రత్త.